ఆసుపత్రి చీటీలో ఏమున్నది?

రోగము వచ్చినప్పుడు ఆసుపత్రికి పోవలెనని గ్రామస్థులకు నచ్చజెప్పవలసిన దినములు గతించినవి. నేడు జ్వరము రెండు దినములు నిలిచినచో ఆటోనో బస్సునో పట్టుకొని మండల కేంద్రమునకో, జిల్లా ఆసుపత్రికో పోవుచున్నారు. ఆపద సమయమున 108 వాహనము ఇంటి ముంగిటికే వచ్చుచున్నది. అయితే అట్లు పోయివచ్చినవారిని "జబ్బేమన్నారు?" అని అడిగి చూడుడు. "ఏమో, రక్తం తీసుకున్నారు, ఫోటో తీశారు, మూడు రకాల బిళ్ళలిచ్చారు" అను సమాధానమే పెక్కుసార్లు వచ్చును. సంచిలో ఓ.పి. చీటీ, రక్తపరీక్ష కాగితములు, ఎక్స్‌రే కవరు, ఖాళీ మందుల అట్టలు అన్నియు భద్రముగనే యుండును. వానిలో నేమి వ్రాసియున్నదో మాత్రము ఇంటిల్లిపాదిలో నెవ్వరికిని తెలియదు.

ఇది చదువురానివారి లోపమని కొట్టివేయరాదు. పట్టభద్రుడైన యువకునికి సైతము "క్రియాటినిన్ 2.4" అని వ్రాసిన కాగితము చేతికిచ్చినచో దిక్కు తోచదు. వరుసలో వెనుక నూరుమంది నిలిచియుండగా డాక్టరు ఒక్కొక్క రోగికి కొలది నిమిషములు మాత్రమే ఇయ్యగలుగుచున్నాడు. రోగి భయముచేతను వినయముచేతను ప్రతి మాటకు తల యూపును. తల యూపినాడు గనుక అర్థమైనదని డాక్టరు తలచును. ఈ విధముగ ఇరువురును ఒకరినొకరు మోసగింపకయే మోసపోవుచున్నారు. గ్రామములోని ఆర్.ఎం.పి. వద్దకు జనము మరల మరల పోవుటకు ఒక కారణ మిదియే. అతని వైద్యజ్ఞాన మెట్టిదైనను, అతడు కూర్చుండబెట్టి మన మాటలలో నాలుగు ముక్కలు చెప్పును. ఈ సంగతిని పెద్ద ఆసుపత్రులు గమనింపదగును.

పూర్వము రోగి పెద్దజబ్బుతో ఆసుపత్రిలో చేరి, నయమైన పిదప ఇంటికి వచ్చెడివాడు. ఇప్పుడు మనలను పీడించు చక్కెరజబ్బు, రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి మొదలగువాని చికిత్స అధికభాగము ఇంటిలోనే జరుగును. డాక్టరు నెలకొకసారి ఐదు నిమిషములు చూచును. తక్కిన ఇరువదితొమ్మిది దినములు రోగియే తన్ను తాను చూచుకొనవలెను. తన జబ్బేమో, బిళ్ళ యెందులకో తెలియనివాడు ఆ పని యెట్లు చేయగలడు?

తెలిసిన మాటలే తికమక పెట్టును

మొదటి చిక్కు పేర్లతోనే వచ్చును. మనము వాడుకలో "కామెర్లు" అనునది ఒక జబ్బు కాదు, లక్షణము మాత్రమే. కన్నులు పచ్చబడుటకు కాలేయమునకు సోకిన వైరసు కారణము కావచ్చును, పిత్తనాళములో రాయి అడ్డుపడుట కారణము కావచ్చును, మద్యపానము కావచ్చును. కారణమునుబట్టి చికిత్స మారును. అందుచేత "కామెర్లే గదా, పసరు పోయించుకొందము" అనుట ప్రమాదము. ఛాతీలో మంటయో బరువో కలిగినప్పుడు "గ్యాస్" అనుకొని సోడా త్రాగి పండుకొనుట మరియొక పొరపాటు. గుండెపోటు కూడ అట్లే ఆరంభము కావచ్చును.

ఇంతకన్న విచిత్రమైనది "పాజిటివ్", "నెగటివ్" అను మాటల సంగతి. బయట వ్యవహారములో పాజిటివ్ అనగా మంచిది, నెగటివ్ అనగా చెడ్డది. ఆసుపత్రిలో దీనికి తలక్రిందులు. వెదకిన క్రిమి లేదా లోపము కనబడినచో పాజిటివ్ అందురు. కనబడనిచో నెగటివ్ అందురు. "గడ్డ పరీక్ష నెగటివ్ వచ్చింది" అని చెప్పగా విని బావురుమన్న కుటుంబములు కలవు. అట్టివారికి నిజముగ వచ్చినది శుభవార్త.

అయినను నెగటివ్ అనగానే నిశ్చింతగా నుండుటయు సరికాదు. గుండెనొప్పి ఆరంభమైన తొలి గడియలలో ఇ.సి.జి. సరిగానే యుండవచ్చును. అందుకే డాక్టర్లు కొన్ని గంటల తరువాత మరల తీయుదురు, రక్తము కూడ పరీక్షింతురు. "ఒకసారి తీశారు గదా, డబ్బుకోసమే మళ్ళీ తీస్తున్నారు" అని రోగిని లేవదీసికొని పోవుటకు ముందు ఆ రెండవ పరీక్ష యెందులకని అడిగిన చాలును.

టైఫాయిడు పరీక్ష ఇందుకు విరుద్ధమైన ఉదాహరణము. గ్రామములలో జ్వరము వచ్చిన ప్రతివానికి చేయించు విడాల్ పరీక్షను 1896లో ఫ్రెంచి వైద్యుడు విడాల్ ప్రచురించినాడు. మునుపెప్పుడో టైఫాయిడు వచ్చి పోయినవారికిని, టీకా వేయించుకొన్నవారికిని అది పాజిటివ్ గా కనబడవచ్చును. అంతకన్న నమ్మదగినది రక్తములోని క్రిములను పెంచి చూచు కల్చర్ పరీక్ష. దానికి కొన్ని దినములు పట్టును. మందులు వేయకముందే రక్తము తీసిన మేలు.

పరీక్షలు ఎందులకు?

"ఒంట్లో రక్తమే లేదంటూ మళ్ళీ మూడు గొట్టాల రక్తం లాగారు" అనునది తరచుగ వినవచ్చు ఫిర్యాదు. పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. ఒక్కొక్క గొట్టమునకు తీయునది 2 మొదలు 5 మిల్లీలీటర్లు, అనగా ఒక చెంచాకు మించదు. గొట్టములు వేరుగ నుండుటకు కారణము వానిలో ముందుగా వేసియుంచిన రసాయనములు. ఊదారంగు మూత గొట్టములో రక్తము గడ్డకట్టదు. రక్తకణములను లెక్కించుట కది పనికివచ్చును. బూడిదరంగు మూత గొట్టము చక్కెర కొలుచుటకు. ఎఱ్ఱమూత గొట్టములో రక్తమును గడ్డకట్టనిచ్చి పైన తేరిన రసమును పరీక్షింతురు. ఒకదానిలోని రక్తము మరియొకదానికి పనికిరాదు.

ఇక అంకెల సంగతి. రక్తములో ఎఱ్ఱదనమునకు కారణమైన హిమోగ్లోబిన్ పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. రక్తపుపోటు చెప్పునప్పుడు రెండంకెలుండును. పై అంకె గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి. క్రింది అంకె గుండె సడలినప్పటి ఒత్తిడి. ఆసుపత్రిలో పలుమారు చూచినప్పుడు 140/90 గాని అంతకు మించిగాని యున్నచో చికిత్స ఆలోచింతురు. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించిగాని రెండుసార్లు కనబడినచో చక్కెరజబ్బని నిర్ణయింతురు. పరగడుపు అనగా కనీసము 8 గంటలు ఏమియు తినకుండుట. కాఫీ, టీలు కూడ పనికిరావు. "ఒక్క గుక్కెడు కాఫీయే గదా" అని త్రాగి వచ్చి అంకె పెరిగినదని దిగులుపడువారు కలరు.

పరీక్ష దినమునకు ముందు రెండు దినములు అన్నము తగ్గించి, డాక్టరు మెప్పు పొందుటకు ప్రయత్నించు రోగులును లేకపోలేదు. వారి యుక్తిని హెచ్.బి.ఏ.1సి. అను పరీక్ష బయటపెట్టును. ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించును. ఆ కాలమంతయు రక్తములోని చక్కెర దానిని కొంచెము కొంచెముగ అంటుకొనుచుండును. కావున ఈ పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చూపును. 6.5 శాతము గాని అంతకు మించిగాని యున్నచో అది చక్కెరజబ్బు. దీనికి పరగడుపుతో పనిలేదు.

కొన్ని పరీక్షలకు జనము నిష్కారణముగ భయపడుచున్నారు. ఇ.సి.జి. తీయునప్పుడు శరీరములోనికి కరెంటు పంపరు. గుండెలో సహజముగ పుట్టు స్వల్ప విద్యుత్తును కాగితముపై గీయుదురు. స్కానింగులన్నియు ఒకటి కావు. కడుపుపై జిగురు పూసి చేయు అల్ట్రాసౌండు కేవలము ధ్వనితరంగములతో జరుగును. ఎం.ఆర్.ఐ. అయస్కాంతముతో జరుగును గనుక ఒంటిమీద లోహవస్తువు లుండరాదు. గుండెకు యంత్ర మమర్చుకొన్నవారు ఆ మాట ముందుగనే చెప్పవలెను. ఎక్స్‌రే, సి.టి. స్కానులలో మాత్రమే ఎక్స్ కిరణము లుండును; అందుకే గర్భిణులు ఆ సంగతి తప్పక తెలుపవలెను.

వర్షాకాలములో డెంగీ జ్వరము వ్యాపించినప్పుడు ఊరూర వినబడు మాట "ప్లేట్‌లెట్లు". సాధారణముగ ఇవి ఒక ఘన మిల్లీమీటరు రక్తములో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకుండును. డెంగీలో తగ్గును. బంధువులు గంటగంటకు అంకె అడుగుచు, రక్తదాతలకొరకు పరుగిడుదురు. నిజమునకు డెంగీలో ముఖ్య ప్రమాదము రక్తనాళములనుండి నీరు కారిపోయి రక్తపుపోటు పడిపోవుట. అది జ్వరము తగ్గు సమయముననే జరుగును. కావున అంకెకన్న జాగ్రత్తగ చూడవలసినవి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మత్తు, మూత్రము తగ్గుట. జ్వరము దిగినదని సంతోషించి రోగిని ఇంటికి తీసికొనిపోయిన దినమే ప్రాణము మీదికి వచ్చుట ఇందువలననే.

సెలైను సీసాలో బలమున్నదా?

మన పల్లెలలో సెలైను ఎక్కించనిదే వైద్యము జరిగినట్లు కాదు. నీరసముగ నున్నదని స్వయముగ అడిగి ఎక్కించుకొనువారు కలరు. వరికోతలు, మిరపకోతలు ముగిసిన పిదప కూలి డబ్బులో కొంత దీనికే పోవుచున్నది. ఆ సీసాలో నేమున్నదో చూతము. సాధారణ సెలైను అనునది లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు. అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాములు, అనగా ఒక చెంచా ఉప్పుకంటె తక్కువ. గ్లూకోజు సీసా యనునది నూటికి 5 వంతుల ద్రావణమైనచో అరలీటరులో 25 గ్రాముల చక్కెర యుండును. ఇది ఐదారు చెంచాల పంచదారకు సమానము. రెండిడ్లీలు తిన్నచో ఇంతకన్న ఎక్కువ సత్తువ వచ్చును.

అట్లని సెలైను వ్యర్థమని కాదు. వాంతులు ఆగనప్పుడు, అతిసారములో నీరు పోయినప్పుడు, శస్త్రచికిత్స సమయమున, రక్తపుపోటు పడిపోయినప్పుడు అది ప్రాణము నిలుపును. నోటితో త్రాగగలవానికి మాత్రము ఓ.ఆర్.ఎస్. పొట్లము చాలును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి అనవసరముగ నీరెక్కించినచో అది ఊపిరితిత్తులలో చేరి ఆయాసము తెచ్చును. "అమ్మా, ఇది నాకెందుకు పెడుతున్నారు?" అని నర్సమ్మ నడుగుట తప్పు కాదు.

చీటీని చదువు విధము

మందుల చీటీపై కనబడు అక్షరములు బ్రహ్మరహస్యములు కావు. ఓ.డి. అనగా దినమునకు ఒకసారి, బి.డి. అనగా రెండుసార్లు, టి.డి.ఎస్. అనగా మూడుసార్లు. హెచ్.ఎస్. అనగా పండుకొనబోవునప్పుడు. ఎస్.ఓ.ఎస్. అనగా అవసరమైనప్పుడు మాత్రమే. దీనిని క్రమముగ దినదినము మ్రింగువారు కలరు. ఏ.సి. భోజనమునకు ముందు, పి.సి. భోజనము తరువాత. 1–0–1 అని వ్రాసినచో ఉదయ మొకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి యొకటి. థైరాయిడు బిళ్ళ పరగడుపున నీటితో మ్రింగి, కాఫీ త్రాగుటకు కనీసము అరగంట యాగవలెను; లేనిచో మందు సరిగ ఒంటబట్టదు.

మందునకు రెండు పేర్లుండును. ఒకటి అసలు మందు పేరు, రెండవది కంపెనీ పెట్టిన పేరు. ఆసుపత్రిలో ఇచ్చిన బిళ్ళ, ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్ళ రంగు వేరైనను రెండింటిలోను పారాసిటమాలే యుండవచ్చును. తెలియక రెండును మ్రింగినచో మోతాదు రెట్టింపై కాలేయమునకు హాని కలుగును. ఒళ్ళునొప్పుల బిళ్ళలు మూత్రపిండముల జబ్బువారికి మరింత చేటు. కనుక ఎక్కడకు పోయినను, వాడుచున్న మందుల అట్టలన్నియు వెంట తీసికొనిపోయి చూపవలెను.

తెలియక మందు మానుటవలన కలుగు నష్టము క్షయరోగములో స్పష్టముగ కనబడును. ఒకప్పుడు క్షయ వచ్చినదన్నచో శానిటోరియమే గతి. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915 నాటికే అట్టి వైద్యాలయ మేర్పడెను. నెలల తరబడి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఇవియే చికిత్స. మందులు వచ్చిన పిమ్మట 1956లో మద్రాసునందు నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఒక గొప్ప ప్రశ్న వేసికొన్నది. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నుండు బీదరోగికి ఇంటియొద్దనే మందులిచ్చిన నయమగునా? 1959లో వెలువడిన ఫలితములు ప్రపంచమున వైద్యవిధానమునే మార్చివేసినవి. ఇంటిలోనున్నవారును శానిటోరియములోనున్నవారితో దాదాపు సమానముగ కోలుకొనిరి. మంచముకన్న, గాలికన్న, మందు క్రమముగ వేసికొనుటయే ప్రధానమని తేలినది.

నేడు సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు. ప్రభుత్వము వీనిని ఉచితముగ ఇచ్చుచున్నది. పోషణకొరకు 2018నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేయుచున్నది. కఫ పరీక్షయు సులభమైనది. ఉదయము లేవగానే ఛాతీ లోతునుండి దగ్గి తీసిన కఫమే కావలెను, ఉమ్మి పనికిరాదు. నూతన యంత్రములు సుమారు రెండు గంటలలో క్రిమి కలదో లేదో, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందునకు అది లొంగునో లేదో కూడ చెప్పగలవు.

చిక్కంతయు రెండవ నెలలో వచ్చును. దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, బరువు పెరుగును. "నాకు తగ్గిపోయింది, ఇంకా ఈ వేడిమందులెందుకు?" అని రోగి మానివేయును. దీనికి తోడు రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజరంగుగ మారును. ఆ సంగతి ముందుగ చెప్పనిచో రక్తము పోవుచున్నదని భయపడి బిళ్ళలు పారవేయును. ఒక్క వాక్యముతో తొలగిపోవు భయమది. లోపల మిగిలిన మొండి క్రిములు మరల తలయెత్తి మందులకు లొంగకుండ తయారగును. అటు తరువాత చికిత్స కఠినమై, ఇంటిలోని పిల్లలకు ఆ మొండి క్రిమియే సోకును. కన్నుచూపు మసకబారుట, కన్నులు పచ్చబడుట కనబడినచో మాత్రము ఆలసింపక డాక్టరునకు చూపవలెను.

సంతకము చేయకముందు

శస్త్రచికిత్సకు ముందు ఒక కాగితముపై సంతకమో వేలిముద్రయో అడుగుదురు. "ఏదైనా అయితే మాకు సంబంధం లేదని వ్రాయించుకుంటున్నారు" అని పెక్కుమంది తలచుచున్నారు. అట్లు కాదు. ఏ జబ్బునకు ఏమి చేయబోవుచున్నారో, ప్రయోజనమేమో, అపాయమేమో, వేరు మార్గము కలదో, చేయించుకొననిచో నేమగునో తెలిసికొని ఒప్పుకొంటినని రోగి చెప్పు మాట యది. డాక్టరు నిర్లక్ష్యము చేసినచో ఆ సంతకము ఆయనను కాపాడదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయమున ముఖ్యమైనది. ఢిల్లీలో ఒక స్త్రీ గొట్టముతో కడుపులో చూచు పరీక్షకొరకు మత్తు తీసికొన్నది. ఆమె మత్తులో నుండగా తల్లి సమ్మతితో గర్భసంచిని, అండాశయములను తొలగించిరి. పరీక్షకు ఇచ్చిన అనుమతి శస్త్రచికిత్సకు చెల్లదనియు, స్పృహ వచ్చువరకు వేచియుండుటకు వీలున్నప్పుడు వయస్సు వచ్చినవారి బదులు తల్లి యైనను ఒప్పుకొనజాలదనియు న్యాయస్థానము నిర్ణయించినది. ప్రాణాపాయమున్న అత్యవసర పరిస్థితి వేరు. గర్భసంచి తీయించుకొనుట సాధారణమై పోయిన మన గ్రామములలోని స్త్రీలు ఈ తీర్పును గుర్తుంచుకొనవలెను. "మందులతో తగ్గదా డాక్టరుగారూ?" అని ఒక్కసారి యడుగుటకు జంకరాదు.

శస్త్రచికిత్సకు ముందు ఏమియు పెట్టవద్దన్నచో అది శిక్ష కాదు. మత్తులో వాంతి యైనచో కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి పోవును. జాలిపడి చాటుగ రెండు బిస్కట్లు పెట్టిన అత్తగారు ఆ అపాయమును ఎరుగదు. ఎవరును ఆమెకు చెప్పియుండరు.

మరియొక చిక్కుముడి రోగికి జబ్బు పేరు చెప్పకుండుట. కాన్సరు వంటి వ్యాధి బయటపడినప్పుడు "మా నాయనకు చెప్పకండి, తట్టుకోలేడు" అని కుమారులు డాక్టరును వేడుకొందురు. ఇది ప్రేమవలన పుట్టినదే. కాని ఆ ముసలాయన మూర్ఖుడు కాడు. కొడుకుల ముఖములు, గుసగుసలు, జుట్టు రాలుట ఆయనకు చెప్పకయే చెప్పును. అప్పుడు భయము ఒంటరిదగును. పొలము పంపకము, మనుమరాలి పెండ్లి, తీరని ఒక బాకీ వంటివి చక్కబెట్టుకొను అవకాశము కూడ పోవును. అంతయు ఒకేసారి చెప్పనక్కరలేదు. "పెద్దాయనా, మీ జబ్బు సంగతి మీకెంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడిగి, ఆయన కోరినంత చెప్పుట మంచిది. వద్దనుటయు ఆయన హక్కే.

ఇంటికి పోవునాడు

ఆసుపత్రినుండి విడుదలయగు దినమున అందరును తొందరలో నుందురు. బిల్లు, బస్సు, సామాను, అన్నియు ఒకేసారి మీదపడును. సరిగ ఆ సమయముననే డిశ్చార్జి కాగితము చేతికిచ్చెదరు. బయలుదేరకముందు నర్సు వద్దనో డాక్టరు వద్దనో కూర్చుండి జబ్బు పేరు తెలుగులో వ్రాయించుకొనవలెను. ఏ మందు ఎన్నినాళ్ళు, ఏ లక్షణము కనబడినచో వెంటనే రావలెను, మరల ఎప్పుడు చూపవలెను అనునవి అడుగవలెను. విన్న తరువాత "అయ్యా, నాకు అర్థమైంది ఇది, సరేనా?" అని తన మాటలలో తిరిగి చెప్పిన మంచిది. తప్పున్నచో అక్కడికక్కడే దిద్దబడును. పూర్తిగ చెప్పించుకొనుటకు ఒంటరిగ పోక, మాట మరువని ఒకరిని వెంట తీసికొనిపోవుట మేలు. ఊరి ఆశా కార్యకర్త వచ్చిన మరింత మంచిది.

కాగితములు పోయినచో నిరాశ పడనక్కరలేదు. 2002లో ఏర్పడిన వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారము, రోగి గాని ఆతడు అధికారమిచ్చిన మనిషి గాని కోరినచో చికిత్స వివరముల పత్రములను 72 గంటలలో ఇయ్యవలెను. 2018లో జాతీయ మానవహక్కుల సంఘము సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రములోను జబ్బును గూర్చి తెలిసికొను హక్కే మొదట చెప్పబడినది. దరఖాస్తు తెల్లకాగితముపై వ్రాసి, ఇచ్చినట్లు సంతకము తీసికొనుడు. ఓ.పి. చీటీపైనున్న నంబరును, ఆసుపత్రిలో చేరిన తేదీని అందులో తప్పక వ్రాయుడు. ఆ రెండును ఉన్నచో రికార్డు గదిలో మీ కాగితము వెదకుట సులభమగును.